మెరీనా ఎయిర్‌పోర్ట్: ఆర్మీ హెలికాప్టర్లు వెళ్లిపోయాక అక్కడ ఏముంది? తరచుగా అడిగే ప్రశ్నలు

శాన్ హోసే చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు ఇండియా నుంచి చుట్టాలొస్తే తీసుకెళ్లే చోట్లలో మాంటెరే ఒకటి. హైవే 1 మీద మెరీనా ఊరు దాటుతుంటే వెనక సీట్లోంచి ఎవరో ఒకరు ఆకాశంలోకి చూసి "అవేంటి, పారాషూట్లా?" అంటారు. అక్కడి నుంచి ఇక ప్రశ్నలే ప్రశ్నలు. నేను సరదా కోసం ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తీసుకున్నవాణ్ణి, ఆ పారాషూట్లు దిగే మెరీనా ఎయిర్‌పోర్ట్‌లో విమానం దించడం అలవాటైనవాణ్ణి. ఫోన్లలో, వాట్సాప్‌లో చెప్పిందే మళ్లీ మళ్లీ చెబుతున్న జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

మెరీనా అంటే చెన్నై బీచ్ కదా?

కాదండీ. ఇది కాలిఫోర్నియాలో మాంటెరే బే ఒడ్డున ఉన్న చిన్న ఊరు. బీచ్ మాత్రం ఇక్కడా ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇది నిజంగా మిలిటరీ హెలిపోర్టేనా?

అవును. ఒకప్పుడు దీని పేరు ఫ్రిట్ష్ ఆర్మీ ఎయిర్‌ఫీల్డ్. పక్కనే ఉన్న ఫోర్ట్ ఆర్డ్ అనే పెద్ద సైనిక స్థావరం హెలికాప్టర్లు దిగే చోటు ఇదే. ఆ స్థావరం 1917లో ఫిరంగుల శిక్షణకి కొన్న భూమితో మొదలైంది. 1933లో క్యాంప్ ఆర్డ్ అన్నారు, 1940లో ఫోర్ట్ ఆర్డ్ అయింది. మొత్తం విస్తీర్ణం దాదాపు 28 వేల ఎకరాలు. వియత్నాం యుద్ధం రోజుల్లో కొత్తగా సైన్యంలో చేరిన కుర్రాళ్లు ఇక్కడే మొదటి శిక్షణ పొందేవారు. తర్వాతి కాలంలో ఇది 7వ ఇన్‌ఫాంట్రీ (పదాతిదళ) డివిజన్‌కి సొంతగూడు. 1989 డిసెంబర్‌లో అమెరికా పనామా మీదకి వెళ్లినప్పుడు ఈ డివిజన్ సైనికులూ వెళ్లారు.

ఇంకాస్త కచ్చితంగా చెప్పాలంటే, ఇక్కడ హెలికాప్టర్లతో పాటు ఆర్మీ చిన్న విమానాలూ దిగేవి. అందుకే ఒక రన్‌వే కూడా ఉంది. కానీ రోజూ హడావుడి చేసింది మాత్రం హెలికాప్టర్లే. ఎయిర్‌పోర్ట్ కోడ్ ఇప్పటికీ ఓ-ఏ-ఆర్. చూడగానే ఆర్డ్ గుర్తొచ్చే అక్షరాలు. ఆర్మీ వెళ్లిపోయి ముప్పై ఏళ్లయినా మా జీపీఎస్‌లో మేం కొట్టేది ఇదే.

ఆర్మీ ఎందుకు వదిలేసింది?

సోవియట్‌తో పోటీ ముగిశాక అమెరికా తన స్థావరాలను తగ్గించుకుంది. ఏవి మూసేయాలో తేల్చడానికి ఒక కమిషన్ ఉండేది. 1991 జాబితాలో ఫోర్ట్ ఆర్డ్ పేరు వచ్చింది, 1994 సెప్టెంబర్‌లో మూతపడింది. జీతాలు తీసుకునే వేలమంది ఒక్కసారిగా వెళ్లిపోతే ఊరి కిరాణా కొట్టు నుంచి స్కూలు దాకా ఏమవుతుందో మీరే ఊహించుకోండి. మరుసటి ఏడాదే ఆ నేలలో ఒక ముక్కలో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్ వచ్చింది, ఇంకో ముక్క ఎయిర్‌పోర్ట్ అయింది. కొండల వైపు ఉన్న భాగాన్ని 2012లో నేషనల్ మాన్యుమెంట్‌గా, అంటే కేంద్రం కాపాడే ప్రాంతంగా, ప్రకటించారు. అక్కడిప్పుడు సైకిళ్లు, గుర్రాలు తిరుగుతుంటాయి.

ఊరివాళ్లు ఎయిర్‌పోర్ట్‌ని కొనుక్కున్నారా?

కొనలేదు. ప్రభుత్వానికి అక్కర్లేని విమానాశ్రయ భూమిని స్థానిక సంస్థలకి డబ్బు తీసుకోకుండా ఇచ్చే వీలు అమెరికా చట్టంలో ఉంది. కాకపోతే షరతు గట్టిది. దాన్ని ప్రజలందరికీ తెరిచిన ఎయిర్‌పోర్ట్‌గానే నడపాలి. రేపు ఇళ్ల ప్లాట్లు వేసి అమ్ముకుంటామంటే కుదరదు. అలా 1995లో దాదాపు 845 ఎకరాలు మెరీనా సిటీ చేతికొచ్చి, మెరీనా మునిసిపల్ ఎయిర్‌పోర్ట్ అయింది.

మన అల్లుడికి పొలం రాసిచ్చి "అమ్మకూడదు, దున్నుకో" అన్నట్టన్నమాట. దున్నడానికి ఖర్చవుతుంది కదా. రన్‌వే రిపేర్ల వంటి పెద్ద పనులకు కేంద్ర విమానయాన సంస్థ ఎఫ్ఏఏ గ్రాంట్లు ఇస్తుంది. ఇలాంటి చిన్న ఎయిర్‌పోర్టులకి మామూలుగా ఖర్చులో 90 శాతం దాకా వస్తుంది. మిగతా డబ్బు కోసం ఊరివాళ్లు పాత ఆర్మీ షెడ్లు, హ్యాంగర్లు (విమానాలు పెట్టే పెద్ద షెడ్లు) అద్దెకిస్తారు.

అంత స్థలం ఉండి పెద్ద విమానాలు ఎందుకు రావు? హైదరాబాద్ నుంచి నేరుగా కాకపోయినా, లాస్ ఏంజెలెస్ నుంచైనా రావచ్చు కదా?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. ఈ ఎయిర్‌పోర్ట్ జాతకం మొత్తం దీని జవాబులోనే ఉంది.

హెలికాప్టర్‌కి పొడుగు అక్కర్లేదు, వెడల్పు కావాలి. రెక్కలు తిరుగుతుంటే పక్కదానికి తగలకూడదు, కింద కొట్టే గాలికి పక్కవాడి టోపీ నుంచి తలుపు దాకా ఎగిరిపోతాయి కాబట్టి దూరం దూరంగా నిలపాలి. పాత హెలికాప్టర్లలో చాలావాటికి చక్రాలు ఉండవు, రెండు గొట్టాల కాళ్లుంటాయి. నేల మీద దొర్లించడం కుదరదు, ఒక మనిషి ఎత్తున గాల్లో తేలుతూనే పార్కింగ్‌కి వెళ్లాలి. అందుకే ఆర్మీ ఇక్కడ కాంక్రీటు మైదానాలకి ధారాళంగా ఖర్చుపెట్టింది, రన్‌వే విషయంలో మాత్రం పీనాసి.

ఆ రన్‌వే పొడవు 3,483 అడుగులు, వెడల్పు 75 అడుగులు. కిలోమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. పక్కనున్న మాంటెరే ఎయిర్‌పోర్ట్ రన్‌వే దీనికి రెట్టింపు ఉంటుంది, ఎయిర్‌లైన్స్ అక్కడే దిగుతాయి. ఇంత దగ్గర్లో అది ఉండగా ఇక్కడ కోట్లు పోసి రన్‌వే పొడిగించేదెవరు? అదే నలుగురు కూర్చునే సెస్నా 172 అయితే వెయ్యి అడుగుల్లోపే నేల వదిలేస్తుంది. దానికి ఈ రన్‌వే రాజమార్గం.

అంటే పొట్టి రన్‌వే, విశాలమైన కాంక్రీటు, పెద్ద పెద్ద హ్యాంగర్లు, చుట్టూ ఇళ్లు లేని ఖాళీ నేల. ఇవన్నీ కలిపితే చిన్న విమానాలు, పారాషూట్లు తప్ప వేరే ఏం వస్తాయి చెప్పండి! ఇది సరదా విమానాల చోటు అయింది సిటీ కౌన్సిల్ తీర్మానం కన్నా ఆర్మీ పోసిన సిమెంటు వల్లేనని నా అభిప్రాయం.

కంట్రోల్ టవర్ లేకుండా నడుస్తుందంటున్నారు. విమానాలు గుద్దుకోవా?

అమెరికాలో టవర్ లేని ఎయిర్‌పోర్టులే ఎక్కువ. అందరూ ఒకే రేడియో ఫ్రీక్వెన్సీలో ఉంటారు. ఎవరు ఎక్కడున్నారో, ఏం చేయబోతున్నారో వాళ్లే చెప్పుకుంటారు. మన ఊళ్లో ఇరుకు సందు మలుపు దగ్గర హారన్ కొట్టుకుంటూ వెళ్లినట్టే. తేడా ఏంటంటే ఇక్కడ అందరూ నిజంగా వింటారు.

నేను మొదటిసారి ఒంటరిగా వచ్చినప్పటి సంగతి చెబుతాను. సముద్రం వైపు నుంచి గాలి బాగా వీస్తోంది, రన్‌వే 29కి వరసలో ఉన్నాను. 29 అంటే దిక్సూచి మీద దాదాపు 290 డిగ్రీలు, పడమర వైపు మొహం. అప్పుడే రేడియోలో జంపర్లు దూకుతున్నారని జంప్ విమానం పైలట్ గొంతు వినిపించింది. తల ఎత్తితే ఏమీ కనిపించలేదు. నిమిషం గడిచాక నీలం ఆకాశంలో ఒక్కొక్కటిగా రంగులు విచ్చుకున్నాయి, ఎరుపు, పసుపు, మళ్లీ ఎరుపు. చూస్తూ ఉండిపోయాను. చూసేసరికి నా ఎత్తు ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ. దించే ప్రయత్నం మానేసి, పవర్ ఇచ్చి, మళ్లీ చుట్టు తిరిగి వచ్చాను. అరచేతులు తడిసిపోయాయి. ఆ రోజు నుంచి ఇక్కడికి వచ్చే పైలట్లు అడిగితే నేను చెప్పేది ఒక్కటే: పారాషూట్లను దిగాక చూసుకోండి, మైదానం నడినెత్తి మీంచి అస్సలు వెళ్లకండి.

స్కైడైవింగ్ ఎంత ఎత్తు నుంచి?

ఇక్కడ 18 వేల అడుగుల దాకా ఉంది. మామూలుగా చాలాచోట్ల 10 నుంచి 14 వేల అడుగులతో సరిపెడతారు. 15 వేలు దాటితే విమానంలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆక్సిజన్ అందుబాటులో ఉంచాలని రూలు, కాబట్టి పైకి వెళ్లేటప్పుడు ఆక్సిజన్ గొట్టం ఇస్తే కంగారు పడకండి, మీకేదో అయిందని కాదు. గంటకి దాదాపు 120 మైళ్ల వేగంతో నిమిషానికి పైగానే పడుతూ ఉంటారు. నిమిషమే కదా అంటారు గానీ, దంతాల డాక్టర్ కుర్చీలో నిమిషం ఎంతసేపుంటుందో గుర్తు చేసుకోండి. ఎడమ చేతి వైపు సముద్రం వంపు తిరిగి కనిపిస్తుంది, కుడి వైపు సలీనాస్ లోయలో పాలకూర, స్ట్రాబెర్రీ తోటలు చాపలు పరిచినట్టుంటాయి. మీరు ఎటు తిరిగి ఉంటే అటు మారుతుందనుకోండి.

సేఫేనా? ఇంట్లో ఒప్పుకోవట్లేదు.

ప్రమాదం సున్నా అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. మిమ్మల్ని సంతకం పెట్టమనే కాగితాల్లోనే పేజీల కొద్దీ రాసి ఉంటుంది, చదవండి. నియమాలు ఏంటో చెబుతాను, ఇంట్లో వాళ్లకి వినిపించండి. మొదటిసారి దూకేవాళ్లు ఒంటరిగా దూకరు, ఇన్‌స్ట్రక్టర్ ఒంటికి కట్టుకుని దూకుతారు. దాన్నే టాండెం అంటారు. ఆ ఇన్‌స్ట్రక్టర్‌కి కనీసం మూడేళ్ల అనుభవం, 500 ఫ్రీఫాల్ జంపులు (పారాషూట్ తెరిచేలోపు కాసేపు గాల్లో పడేవి) ఉండాలని ఎఫ్ఏఏ నియమం. మెయిన్ పారాషూట్‌తో పాటు రిజర్వ్ ఒకటి ఉంటుంది. దాన్ని లైసెన్స్ ఉన్న రిగ్గర్, అంటే పారాషూట్లు మడిచే నిపుణుడు, 180 రోజుల లోపు మడిచి ఉండాలి. ఎవరూ లాగకపోయినా ఒక ఎత్తుకి రాగానే రిజర్వ్‌ని తెరిచే పరికరం కూడా తప్పనిసరి.

మా అత్తగారికి ఇదంతా చెబితే శ్రద్ధగా విని "అన్నీ బాగానే ఉన్నాయి, అసలు దూకడం ఎందుకు నాయనా?" అన్నారు. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

వయసు, బరువు, బీపీ, షుగర్?

టాండెంకి 18 నిండాలి, గుర్తింపు కార్డు చూస్తారు. బరువుకి పరిమితి ఉంటుంది, బుక్ చేసే ముందే కనుక్కోండి, అక్కడికొచ్చాక త్రాసు ఎక్కిస్తారు. గుండె, వెన్ను, చెవి సమస్యలుంటే ముందు మీ డాక్టర్‌ని అడగండి, ఇలాంటివి నన్ను అడగకండి.

ఏ నెలలో రావాలి?

జులైలో పొద్దున్న మాత్రం వద్దు.

నా సొంత అనుభవం. మా బావమరిది హైదరాబాద్ నుంచి వచ్చాడు, జులై శనివారం పొద్దున 8 గంటలకి జంప్ బుక్ చేశాం. శాన్ హోసేలో బయల్దేరినప్పుడు ఆకాశం నిర్మలంగా ఉంది, వాడు షార్ట్స్, టీషర్ట్. క్యాస్ట్రోవిల్ దాటగానే ఎవరో తడి దుప్పటి కప్పినట్టు ఆకాశం బూడిదరంగైపోయింది. ఎయిర్‌పోర్ట్‌కి చేరేసరికి రన్‌వే అవతలి కొస కనిపించట్లేదు. ఇంకో అరగంట, ఇంకో అరగంట అంటూ కూర్చోబెట్టారు. మేం కట్టుకొచ్చిన పులిహోర పది గంటలకే అయిపోయింది. ఒంటిగంటన్నరకి నీలం కనిపించింది, అప్పటికి మా ముందు పాతికమంది. వాడు చివరికి దూకాడు గానీ, ఇంటికెళ్లి చెప్పిన కథలో సగం ఆ చలి గురించే.

కారణం సులువే. వేసవిలో సలీనాస్ లోయ వేడెక్కి, గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీని నింపడానికి మాంటెరే బే మీంచి చల్లటి తడిగాలి లోపలికి వస్తుంది, దాంతో పాటే తక్కువ ఎత్తులో మబ్బు పొర కూడా. ఎండ ముదిరితే గానీ అది విడిపోదు. విడిపోయాక మధ్యాహ్నం గాలి పెరుగుతుంది. సెప్టెంబర్, అక్టోబర్ నెలలే అన్నిటికన్నా మంచివి. వేసవిలోనే రావాల్సి వస్తే మధ్యాహ్నం స్లాట్ అడగండి, జాకెట్ తెచ్చుకోండి.

హెచ్1బి మీద ఉన్నాను. విమానం నడపడం నేర్చుకోవచ్చా?

ముందు మెరీనాకి సంబంధించిన మాట. శాన్ హోసే వైపు ఉండేవాళ్లు రీడ్ హిల్‌వ్యూ లాంటి దగ్గరి ఎయిర్‌పోర్టుల్లో నేర్చుకుని, ఇక్కడికి ప్రాక్టీస్‌కి వస్తుంటారు. ఒక చిన్న చిక్కు ఉంది. లైసెన్స్‌కి కావాల్సిన క్రాస్‌కంట్రీ (దూరప్రయాణం) గంటల లెక్కలోకి రావాలంటే దిగే చోటు 50 నాటికల్ మైళ్లు దాటి ఉండాలి. రీడ్ హిల్‌వ్యూ నుంచి మెరీనా 39 దగ్గరే ఆగిపోతుంది. నేను ఉత్సాహంగా ఇక్కడికి ప్లాన్ గీసుకెళ్తే మా ఇన్‌స్ట్రక్టర్ స్కేలు పెట్టి కొలిచి, ఏమీ మాట్లాడకుండా మ్యాప్ వెనక్కి ఇచ్చారు.

ఇక అనుమతి సంగతి. అమెరికా పౌరులు కానివాళ్లు, గ్రీన్ కార్డ్ ఉన్నా సరే, మొదటి లైసెన్స్ శిక్షణ మొదలుపెట్టే ముందు టీఎస్ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) దగ్గర క్లియరెన్స్ తీసుకోవాలి. వేలిముద్రలు, ఫీజు ఉంటాయి. ఇది వీసా కాదు, వీసా మీద ప్రశ్నలుంటే లాయర్‌ని అడగండి. ఒక్కసారి సరదాగా చేసే డిస్కవరీ ఫ్లైట్‌కి ఈ క్లియరెన్స్ అక్కర్లేదు. రూలు ప్రకారం కనీసం 40 గంటలు ఎగరాలి. ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకునేవాళ్లకి ఆ 40తో అయిపోవడం నేను చూడలేదు.

అమ్మానాన్న, చిన్నపిల్లలతో వస్తే చూడ్డానికి ఏమైనా ఉందా?

ఎయిర్‌పోర్ట్‌లో పెద్దగా ఏమీ లేదు, నిజం చెప్పాలి. పారాషూట్లు దిగడం ఫెన్సింగ్ బయటి నుంచి కాసేపు చూడొచ్చు. వాళ్లని మెరీనా స్టేట్ బీచ్‌కి తీసుకెళ్లండి, కారులో నిమిషాల దూరం. సముద్రపు గాలి ఇసుక దిబ్బల్ని కొట్టి పైకి లేస్తుంది, ఆ గాలి మీద హ్యాంగ్ గ్లైడర్లు ఇంజిన్ లేకుండా దిబ్బల అంచు వెంటే తేలుతుంటారు. ఒక్కోసారి రెక్క గుడ్డ పటపటలాడే చప్పుడు వినిపించేంత దగ్గరగా వస్తారు. మా నాన్న అక్కడ రెండు గంటలు కదల్లేదు. మాంటెరేలో అక్వేరియంకి కొన్న టికెట్లు వృథా అయ్యాయి.

నేల కింద బాంబులుంటాయటగా?

ఫోర్ట్ ఆర్డ్‌లో కాల్పుల శిక్షణ జరిగిన కొండల వైపు పేలని గుళ్లు ఉన్న మాట నిజమే, అందుకే అక్కడ కంచెలు, హెచ్చరిక బోర్డులు ఉంటాయి. ట్రెయిల్స్‌లో నడిచేటప్పుడు లోహపు ముక్క ఏది కనిపించినా ముట్టుకోకుండా వెనక్కి వచ్చి ఫోన్ చేయాలి. ఎయిర్‌పోర్ట్ దగ్గర గొడవ వేరు. మంటలార్పే శిక్షణ కోసం ఆర్మీ ఇక్కడ ఒక గోతిలో ఏళ్ల తరబడి ఇంధనం పోసి తగలబెట్టేది. ఆ రసాయనాలు భూగర్భ జలాల్లోకి దిగాయి. 1990లో ఫోర్ట్ ఆర్డ్ మొత్తాన్ని దేశంలోని అతి కలుషిత స్థలాల జాబితాలో పెట్టారు. ఇక్కడి నీళ్లని బావుల్లోంచి తోడి, కార్బన్‌తో వడకట్టి శుభ్రం చేసే పని ఏళ్లపాటు సాగింది. ఉచితంగా వచ్చిన భూమి అన్నాను కదా, దాని అసలు ఖర్చు ఇలాంటి చోట కనిపిస్తుంది.

ఆరు ఫ్యాన్లతో నిటారుగా లేచే విమానం వీడియో చూశాను. అది ఇక్కడిదేనా?

అవును, జోబీ ఏవియేషన్ వాళ్ల ఎలక్ట్రిక్ ఎయిర్ టాక్సీ. పైలట్, నలుగురు ప్రయాణికులు పడతారు. నిటారుగా లేచి, ఫ్యాన్లు ముందుకి వంచి విమానంలా వెళుతుంది. తయారీ ఈ ఎయిర్‌పోర్ట్‌లోనే. ఇక్కడి తయారీ లైన్ నుంచి మొదటి విమానం 2023 జూన్‌లో బయటికొచ్చింది, ఆ ఏడాదే ఒకటి ఎడ్వర్డ్స్ ఎయిర్‌ఫోర్స్ బేస్‌కి వెళ్లింది. 2025 ఆగస్టులో పైలట్‌తో మెరీనా నుంచి మాంటెరే ఎయిర్‌పోర్ట్‌కి 12 నిమిషాల్లో వెళ్లి దిగింది.

పొడుగాటి రన్‌వే అక్కర్లేదు, వెడల్పైన నేల కావాలి. అంటే మళ్లీ హెలికాప్టర్ లెక్కే. చప్పుడు మాత్రం చాలా తక్కువ. నేను ఇంధనం పోసుకుంటుండగా ఒకసారి దూరంగా లేచింది, పక్కనున్న పెద్దాయన చెప్పేదాకా నేను గమనించనే లేదు.

ప్రతి పాత హెలిపోర్ట్ ఇలాగే అవుతుందా?

లేదు. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన బోనామెస్‌లో 1992 దాకా అమెరికా ఆర్మీ హెలికాప్టర్లు ఉండేవి. అక్కడ కాంక్రీటులో చాలాభాగం పగలగొట్టి అలాగే వదిలేశారు, పగుళ్లలో మొక్కలు, గుంటల్లో కప్పలు చేరాయి. జనం సైకిళ్లేసుకుని వస్తారు. అదే ఏడాది అమెరికన్లు ఖాళీ చేసిన మైంజ్ ఫింథెన్‌లో మాత్రం చిన్న విమానాలు, గ్లైడర్లు ఎగురుతున్నాయి. నెదర్లాండ్స్‌లోని సూస్టర్‌బర్గ్‌లో 2008లో ఎయిర్‌బేస్ మూసేశాక మిలిటరీ మ్యూజియం కట్టారు, గ్లైడింగ్ క్లబ్ ఎగరడం మానలేదు. చుట్టూ ఊరు పెరిగిపోయిన చోట విమానాలు నిలవవు. మెరీనా అదృష్టం ఏంటంటే ఒక పక్క నది, పంటపొలాలు ఉన్నాయి.

మన హైదరాబాద్‌లో హకీంపేట కూడా ఇలా అవుతుందా?

హకీంపేటలో ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్ శిక్షణ స్కూల్ ఇప్పటికీ నడుస్తోంది. పనిలో ఉన్న స్థావరానికీ వదిలేసిన దానికీ పోలిక లేదు.

ఎలా వెళ్లాలి?

శాన్ హోసే నుంచి 101 మీద దక్షిణంగా, ప్రూన్‌డేల్ దగ్గర 156 పట్టుకుని క్యాస్ట్రోవిల్, అక్కడి నుంచి హైవే 1. రిజర్వేషన్ రోడ్ ఎగ్జిట్ తీసుకుని లోపలికి రండి. ట్రాఫిక్ లేకపోతే గంటా పావు. జీపీఎస్‌లో మాంటెరే ఎయిర్‌పోర్ట్ అని కొట్టకండి, మా ఫ్రెండ్ ఒకడు అలాగే వెళ్లి ఎయిర్‌లైన్ కౌంటర్‌లో స్కైడైవింగ్ ఎక్కడని అడిగాడు.